‘అమ్మ’ చేరడానికి 208 సైగలు

మేం ముగ్గురం పన్నెండో తరగతి, కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవాళ్లం. మా ముగ్గురి ఇళ్లలోనూ తెలుగే. బడిలో మాత్రం మేం ముగ్గురం ఒకచోట చేరితేనే తెలుగు వినిపిస్తుంది. ఈసారి పత్రికలో ప్రాంతీయ భాషల పేజీలకు ఏదైనా రాసివ్వమని అడిగితే చాలా ఆలోచించాం. పద్యం రాదు, కథ రాదు. వచ్చిందల్లా రెండు నెలలు ల్యాబ్‌లో పడ్డ తిప్పలు. అవే రాస్తున్నాం.

అంతా ఒక తప్పుతో మొదలైంది. లూప్ ఎప్పుడు ఆగాలో రాయడం మరచిపోయిన మా ప్రోగ్రాం ఒకటి స్క్రీన్ నిండా అంకెలు పోసుకుంటూ పోయింది. కంట్రోల్-సి కొట్టాం. ఆగలేదు. మళ్లీ మళ్లీ కొట్టాం. ఎందుకు ఆగలేదో తర్వాత తెలిసింది: ఏ పొరపాటు వచ్చినా పట్టుకుని ముందుకు సాగిపొమ్మని లూప్ లోపల మేమే ‘ఎక్సెప్ట్’ అని రాసి పెట్టాం. కంట్రోల్-సి కూడా ఆ వలలోనే పడుతోంది, ప్రోగ్రాం దాన్ని దులిపేసుకుని మళ్లీ పరుగెడుతోంది. కంప్యూటర్ మేడం వచ్చి ఇంకో టెర్మినల్ తెరిచి, ‘కిల్’ అని కొట్టి, పక్కన ఒక నంబరు వేశారు. అంకెలు టక్కున ఆగిపోయాయి.

“చంపేశారా మేడం?” అని అడిగాం.

“చంపలేదు, చెప్పాను. అది విని వెళ్లిపోయింది,” అన్నారు.

ఆ మాట మాకు అర్థం కావడానికి ఆ వారమంతా పట్టింది. ‘కిల్’ అనే పేరు చూస్తే భయమేస్తుంది గానీ, ఆ ఆదేశం చేసే పని ఒక సిగ్నల్ పంపడం, అంతే. ఏ సిగ్నలో మనం చెప్పకపోతే 15వ నంబరు వెళ్తుంది. ‘ఇక ముగించు’ అని దాని అర్థం. మంచి ప్రోగ్రాం అయితే దాన్ని అందుకుని, తెరిచిన ఫైళ్లు మూసి, ఇల్లు సర్దుకుని వెళ్లవచ్చు. మొండిదైతే వినకుండా కూర్చోనూవచ్చు. మేం కొట్టిన కంట్రోల్-సి 2వ నంబరు సిగ్నల్. 9వ నంబరు వేరే రకం. దాన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు, తప్పించుకోలేదు, ఎందుకంటే అది ప్రోగ్రాం దాకా రానే రాదు. ఆపరేటింగ్ సిస్టమే ఆ ప్రోగ్రాంని తీసేస్తుంది. అందుకే మేడం ముందుగా 9 వాడరు. “మొదట అడగాలి, తర్వాతే గెంటాలి,” అంటారు.

ఈ నంబర్లకు చరిత్ర కూడా ఉంది. 1వ నంబరు పేరు ‘హ్యాంగప్’, అంటే ఫోన్ పెట్టేయడం. ఒకప్పుడు పెద్ద కంప్యూటర్‌కి దూరంగా ఉన్న టెర్మినల్‌ని టెలిఫోన్ లైన్ మీద కలిపేవారు. లైన్ తెగితే, ఆ టెర్మినల్ మీద నడుస్తున్న ప్రోగ్రాంకి ఆ సంగతి చెప్పడానికి పుట్టిన సిగ్నల్ అది. ఇప్పుడు ఆ టెలిఫోన్లు లేవు, సిగ్నల్ మిగిలింది. ఎప్పుడూ వెనకాల నడుస్తూ ఉండే సర్వర్ ప్రోగ్రాములు చాలావరకు దాన్ని ‘నీ సెట్టింగుల ఫైలు మళ్లీ చదువుకో’ అనే అర్థంలో తీసుకుంటాయి. పాత పోస్టాఫీసు వీధిలో పోస్టాఫీసు లేకపోయినా పేరు మిగిలినట్టు.

మా ల్యాబ్‌లోని లినక్స్‌లో 10, 12 నంబర్లున్న రెండు సిగ్నళ్లకు మాత్రం అసలు అర్థమే లేదు. వాటి పేర్లు యూజర్-1, యూజర్-2. అర్థం మీరే పెట్టుకోండి అని ఆపరేటింగ్ సిస్టం వదిలేసినవి. ఇవి ఎవరికైనా పనికొస్తాయా అని చూస్తే, వస్తున్నాయి. ఫైళ్లు, డిస్కులు కాపీ చేసే ‘డీడీ’ అనే లినక్స్ ప్రోగ్రాంకి యూజర్-1 పంపితే ఇప్పటిదాకా ఎంత కాపీ అయిందో చెబుతుంది. ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కి అదే సిగ్నల్ పంపితే తన లాగ్ ఫైళ్లు మూసి మళ్లీ తెరుస్తుంది. ఒకే సైగ, ఇద్దరికి రెండు అర్థాలు.

ఇక్కడే మేడం మాకు పని పెట్టారు. “ఈ రెండు సిగ్నళ్లతోనే ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకి ఒక మాట పంపండి చూద్దాం. ఫైలు వాడకూడదు, నెట్‌వర్క్ వాడకూడదు. నడిస్తే సైన్స్ ఎగ్జిబిషన్‌లో ఒక బల్ల ఇస్తాను.” ఇది సిలబస్‌లో లేదు. పరీక్షలో రాదు. అందుకే ముగ్గురం ఒప్పుకున్నాం.

ఆలోచన తేలికే. యూజర్-1 వస్తే సున్నా, యూజర్-2 వస్తే ఒకటి. కంప్యూటర్‌లో ప్రతి అక్షరమూ సున్నాలూ ఒకట్లే కాబట్టి, ఎనిమిది సైగలు కలిస్తే ఒక బైటు. ఒక ప్రోగ్రాం పంపుతుంది, ఇంకొకటి పోగుచేసుకుని అక్షరంగా మారుస్తుంది. మాట అయిపోయిందని తెలియడానికి చివర ఎనిమిది సున్నాలు. ఏ మాట పంపాలన్నదానికి చర్చే జరగలేదు. మాలో ఒకడు అప్పటికే ‘అమ్మ’ అని టైపు చేసేశాడు.

అది చిన్న మాట అనుకున్నాం. ఇంగ్లీషులో అయితే ఒక్కో అక్షరానికి ఒక్కో బైటు. తెలుగులో ఒక్కోదానికి మూడు బైట్లు. పైగా ‘అమ్మ’ కంటికి రెండు అక్షరాలే గానీ కంప్యూటర్‌కి నాలుగు: అ, మ, పొల్లు, మళ్లీ మ. మా కింద పెట్టిన మవత్తు అక్కడ పొల్లుగానూ ఇంకో మగానూ విడిపోయి ఉంటుంది. నాలుగు మూళ్లు పన్నెండు బైట్లు, అంటే 96 బిట్లు. చివరి ఎనిమిది కలిపితే 104 సైగలు.

మొదటి రోజే రెండు దెబ్బలు తిన్నాం. అందుకునే ప్రోగ్రాం ఇంకా సిద్ధం కాకముందే దానికి సిగ్నల్ పంపాం. ‘యూజర్ డిఫైన్డ్ సిగ్నల్ 1’ అని ఒక ముక్క చూపించి అది చచ్చిపోయింది. అర్థం లేని సిగ్నల్ కదా, ఊరుకుంటుందనుకున్నాం. అలా కాదట. ఈ సిగ్నల్ వస్తే ఏం చేయాలో ప్రోగ్రాం ముందే చెప్పుకుని ఉండకపోతే, దాన్ని ముగించడమే ఆపరేటింగ్ సిస్టం పద్ధతి.

రెండో దెబ్బ గట్టిది. నడిచే ప్రతి ప్రోగ్రాంకీ ఒక నంబరు ఉంటుంది, మళ్లీ నడిపితే నంబరు మారుతుంది. ప్రతిసారీ ఆ నంబరు చూసి కొట్టడం విసుగేసి, పేరుతో పంపే ‘పీకిల్’ అనే ఆదేశం ఉందని తెలుసుకుని, పైథాన్ అనే పేరుకి యూజర్-1 పంపేశాం. అది పైథాన్ పేరున్న అన్నిటికీ వెళ్లింది. మేం ప్రోగ్రాములు రాసుకునే ఐడిల్ ఎడిటర్ కూడా పైథాన్‌లో రాసిందే. దానికీ వెళ్లింది. దానికి ఈ సిగ్నల్ సంగతి తెలియదు. మా ప్రాజెక్టు రికార్డుకి రాసుకున్న గంట పని, సేవ్ చేయనిది, కిటికీతో సహా మాయమైపోయింది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరు కొట్టారన్నది ఇక్కడ రాయకూడదని ఒప్పందం.

నంబరు చూసే కొట్టడం మొదలుపెట్టాక పని కాస్త సాగింది. చేత్తో ఒక్కొక్కటిగా ఎనిమిది సిగ్నళ్లు పంపితే ఇంగ్లీషు పెద్ద ‘ఎ’ వచ్చింది. గంతులేశాం. ఇక పంపే పని కూడా ప్రోగ్రాంకే అప్పగించి ‘అమ్మ’ పంపాం. నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకం, దాని పక్కన ఇంగ్లీషు చిన్న ‘ఎ’, తర్వాత ఏవో చెత్త. మళ్లీ పంపితే ఇంకో రకం చెత్త. ఒకసారి అసలేమీ లేదు.

ఆ చిన్న ‘ఎ’ ఎక్కడిదో తెలుసుకోవడానికి కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాం. ఈ మొత్తం పనిలో మాకు బాగా నచ్చిన గంట అది. ‘అ’ అక్షరంలోని మూడు బైట్లు 224, 176, 133. మొదటి దాంట్లో మూడు ఒకట్లు, వెనకాలే వరుసగా ఐదు సున్నాలు. ఆ ఐదింటిలో ఒక్క సున్నా దారిలో పోయిందనుకోండి. వెనకున్నవన్నీ ఒక్కో అడుగు ముందుకు జరుగుతాయి. 224 కాస్తా 225 అవుతుంది. తర్వాతది 97 అవుతుంది. 97 అంటే ఇంగ్లీషు చిన్న ‘ఎ’. 225 వెనకాల రావాల్సిన రకం బైటు రాలేదు కాబట్టి దాని స్థానంలో ప్రశ్నార్థకం. కాగితం మీద లెక్క, స్క్రీన్ మీద చెత్త అచ్చంగా కలిసిపోయాయి. ఒక్క సున్నా పోతే మన ‘అ’ వాళ్ల ‘ఎ’ అయి కూర్చుంది.

సరే, సున్నా ఎక్కడ పోయింది? మా ప్రోగ్రాం లెక్కపెట్టి మరీ పంపుతోంది. పంపినట్టు చెబుతున్న 104 నిజమే. అందినవి మాత్రం ఒకసారి నలభై చిల్లర, ఇంకోసారి ముప్ఫై చిల్లర.

మేడం లిఫ్ట్ బటన్ గుర్తుచేసుకోమన్నారు. లిఫ్ట్ కోసం ఒకసారి నొక్కితే బటన్‌లో దీపం వెలుగుతుంది. పదిసార్లు నొక్కినా అదే దీపం. లిఫ్ట్‌కి ఎవరో పిలిచారని తెలుసు, ఎన్నిసార్లు పిలిచారో తెలియదు. ఒక ప్రోగ్రాంకి సిగ్నల్ వస్తే ఆపరేటింగ్ సిస్టం చేసేది అదే. ఆ నంబరు దగ్గర దీపం వెలిగిస్తుంది. ప్రోగ్రాం చూసుకునేలోపు అదే నంబరు ఇంకో నాలుగుసార్లు వచ్చినా దీపం ఒకటే. లెక్క ఉండదు, వరుస ఉండదు. యూజర్-1, యూజర్-2 రెండు దీపాలూ వెలిగి ఉంటే ఏది ముందు వచ్చిందో కూడా హామీ లేదు. వరుసలో నిలబెట్టి ఒక్కొక్కటిగా అందించే ‘రియల్ టైమ్ సిగ్నళ్లు’ వేరే ఉన్నాయి, వాటి వెంట ఒక అంకె కూడా పంపవచ్చు. అవి వాడితే ఆట చెడిపోతుందని మేడం ఒప్పుకోలేదు.

లిఫ్ట్ కథ నిజమో కాదో చూడాలనిపించింది. మాలో ఉన్న అమ్మాయికి ఈ ఉపాయం తోచింది. అందుకునే ప్రోగ్రాంని కంట్రోల్-జెడ్ కొట్టి నిద్రపుచ్చాం. నిద్రలో ఉన్న దానికి మొత్తం 104 సిగ్నళ్లు పంపాం. తర్వాత లేపాం. ఎన్ని అందాయని అడిగితే ‘2’ అని చూపించింది. ఒక సున్నా, ఒక ఒకటి.

మేమిద్దరం నవ్వేశాం. ఆ అమ్మాయి నవ్వలేదు. స్క్రీన్ మీది ‘2’ వంక కాసేపు చూసి, “అయితే నాన్న అబద్ధం చెప్పలేదు,” అంది.

ఇక్కడ ఆమె సంగతి చెప్పాలి. ఆమె అడిగి ఒప్పించాకే రాస్తున్నాం. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఆమె ఖోఖో పోటీలకు వేరే ఊరు వెళ్లింది. చేతికి ఇంట్లో ఉన్న పాత కీప్యాడ్ ఫోన్ ఇచ్చారు, అందులో బ్యాలెన్స్ అంతంత మాత్రం. తండ్రీ కూతుళ్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. బస్సు దిగాక ఒక మిస్డ్ కాల్ ఇస్తే ‘తోటివాళ్లతో ఆటోలో వస్తున్నాను’ అని. రెండు ఇస్తే ‘స్కూటర్ తీసుకుని బస్టాండ్‌కి రా నాన్నా’ అని. ఆ రాత్రి వాన. కరెంటు లేదు. తోటివాళ్లు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఆమె రెండుసార్లు కొట్టింది, రెండోదానితో ఫోన్ చార్జింగ్ అయిపోయింది. బస్టాండ్‌లో ఒక టీ కొట్టు దగ్గర బ్యాగు మీద కూర్చుని గంటంపావు ఎదురుచూసింది. చివరికి కాలనీకి వెళ్లే ఒక కుటుంబం గుర్తుపట్టి తమ ఆటోలో ఎక్కించుకుంటే ఇల్లు చేరింది.

వాళ్ల నాన్నగారు భోజనం ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారట. ఆయనకు వచ్చింది ఒక్కటే మిస్డ్ కాల్. ఆటోలో వస్తోంది, వానకి ఆలస్యం అనుకున్నారు. “ఒక్కటే వచ్చిందమ్మా,” అని ఆయన. “రెండు కొట్టాను నాన్నా,” అని ఆమె. వాళ్లమ్మ ఇద్దరినీ తిట్టింది. గొడవ అక్కడితో అయిపోలేదు. ఆ ఇంట్లో ఎప్పుడు ఎవరికి కోపం వచ్చినా చివరికి ఆ మిస్డ్ కాల్ దగ్గరికే వచ్చేది. ఆయన బద్ధకించి రాలేదని ఆమె పైకి అనలేదు గానీ, మూడేళ్లుగా లోపల అదే అనుకుంటోంది. ఆమె మాకు ఆ సంగతి చెప్పింది కూడా ఆ రోజే.

ఫోన్‌లో జరిగిందీ కంప్యూటర్‌లో జరిగిందీ ఒకటే అని మేం అనడం లేదు. అక్కడ టవర్ పోయి ఉంటుంది, ఇక్కడ దీపం ఒకటే. కానీ రెండుచోట్లా పంపినవాళ్లు పంపింది నిజం, అందుకున్నవాళ్లకు అందింది నిజం, లెక్కలు కలవవు.

తర్వాత మేం చేసిన పని గొప్పగా చెప్పుకునేది కాదు. పంపే ప్రోగ్రాం ప్రతి సిగ్నల్ తర్వాత సెకనులో వందో వంతు ఆగేలా రాశాం. ‘అమ్మ’ పూర్తిగా వచ్చింది! మొత్తం మీద సుమారు ఒక సెకను పట్టింది. సంబరపడి పక్క కిటికీలలో రెండు మూడు బరువైన ప్రోగ్రాములు నడిపి మళ్లీ పంపాం. ఎక్కువసార్లు బాగానే వచ్చింది, ఒకసారి మళ్లీ ప్రశ్నార్థకం. వందో వంతు కాదు, పదో వంతు ఆగినా, అవతలివాడు అంతకన్నా ఎక్కువ సేపు తీరిక లేకుండా ఉంటే అంతే సంగతులు. ఆగడం అంటే ఊహించడం. వాళ్ల నాన్నగారు వాన రాత్రి చేసిందీ అదే.

ఆ ఆదివారం ముగ్గురం వాళ్లింటికి వెళ్లాం. ఆయన రైల్వేలో స్టేషన్ మాస్టర్. పెద్ద జంక్షన్ కాదు, ఒకే పట్టా ఉన్న లైన్ మీద చిన్న స్టేషన్. మేం మా బాధ చెప్పుకుంటే ఆయన వింటూ వింటూ, “మీరు మీ మాట చెప్పేసి వెళ్లిపోతున్నార్రా. అవతలివాడు విన్నాడో లేదో ఎవరు చూస్తారు?” అని, చేతిలోని చెంచాతో డైనింగ్ టేబుల్ మీద కొట్టి చూపించారు.

రెండు స్టేషన్ల మధ్య ఒకే పట్టా ఉన్నప్పుడు ఆ మధ్యభాగంలో ఒకసారికి ఒక్క రైలే ఉండాలి. అందుకని రెండు స్టేషన్లలోనూ బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ అని ఒకటి ఉంటుంది. ఇక్కడ నొక్కితే అక్కడ గంట మోగుతుంది. ఒక దెబ్బ అంటే ‘ఇటు చూడు, ఫోన్ దగ్గరికి రా’. రెండంటే ‘లైన్ ఖాళీగా ఉందా’. మూడంటే ‘రైలు ఈ మధ్యభాగంలోకి వస్తోంది’. నాలుగంటే ‘రైలు దాటిపోయింది’. ఇంతవరకూ మా మిస్డ్ కాల్ లాంటిదే. తేడా ఒక్కటి. అవతలివాళ్లు విన్న దెబ్బలను తిరిగి అన్నే కొట్టాలి. మూడు కొడితే మూడు తిరిగి రావాలి. రాకపోతే చెప్పినట్టే కాదు.

“నాలుగు కొట్టి, నాలుగు తిరిగి వచ్చేదాకా నేను పుస్తకంలో రాయను,” అన్నారు ఆయన. అలా అన్నాక ఒక్క క్షణం ఆగిపోయారు. చెంచా పళ్లెంలో పెట్టేశారు. ఆయనకు ఏం గుర్తొచ్చిందో మాకు అర్థమైంది. ఆమె కూడా పళ్లెం వైపే చూస్తోంది. వాళ్లమ్మ మాత్రం వంటింట్లోంచి, “ఆ గంటల బుద్ధి ఇంట్లో ఎందుకు లేదో అడగండర్రా,” అంది. అందరం నవ్వాం, ఆయన కూడా.

సోమవారం ల్యాబ్‌లో అదే రాశాం. అందుకునే ప్రోగ్రాం ఒక్కో బిట్ అందగానే తిరిగి యూజర్-1 పంపాలి. అది వచ్చేదాకా పంపేవాడు నిద్రపోవాలి. వచ్చాక తర్వాతి బిట్. నడిపాం. ముప్ఫై, నలభై బిట్లు చకచకా వెళ్లాయి, తర్వాత అంతా నిశ్శబ్దం. చెత్త లేదు, తప్పు లేదు, ఏమీ లేదు. ఐదు నిమిషాలు చూశాం. మళ్లీ నడిపితే ఇంకో చోట ఆగింది. రెండు ప్రోగ్రాములూ బతికే ఉన్నాయి, రెండూ నిద్రలోనే ఉన్నాయి. ముందు మీరంటే ముందు మీరు అని ఇద్దరు గుమ్మం దగ్గర నిలబడిపోయినట్టు.

దీనికి మాకు తొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో యూనిట్ టెస్టులు కూడా వచ్చాయి లెండి. సంగతి ఏమిటంటే, మా ప్రోగ్రాంలో రెండు వరుసలున్నాయి: ‘సిగ్నల్ పంపు’, ‘జవాబు వచ్చేదాకా నిద్రపో’. ఆ రెండు వరుసల మధ్య ఒక సన్నని సందు ఉంది. అవతలివాడు చాలా చురుకైనవాడైతే, మనం నిద్రకు పడుకోకముందే జవాబు వచ్చేస్తుంది. వచ్చింది, అయిపోయింది. ఆ తర్వాత మనం పడుకుంటాం, వచ్చేసిన జవాబు కోసం ఎదురుచూస్తూ. అవతలివాడు జవాబు ఇచ్చాను కదా అని తర్వాతి బిట్ కోసం పడుకుంటాడు. ఇక ఎవరూ లేవరు. ఇంతకుముందు మాట పోయింది అవతలివాడు నెమ్మది కావడం వల్ల. ఇప్పుడు మాట ఆగింది అవతలివాడు తొందరపడడం వల్ల! ఈ రెండోది ఉంటుందని మాకు ఎవరైనా ముందు చెప్పి ఉంటే నమ్మేవాళ్లం కాదు.

మందు చిన్నదే. పని మొదలుపెట్టకముందే ఆపరేటింగ్ సిస్టంతో చెప్పాలి: ఈ సిగ్నల్ వస్తే నా మీద వేయకు, పట్టి ఉంచు, నేను అడిగినప్పుడు ఇవ్వు. పైథాన్‌లో దానికి మాస్క్ అని ఒక సదుపాయం ఉంది. అడగడానికి ‘సిగ్‌వెయిట్’ అని ఇంకొకటి. ఇప్పుడు జవాబు ముందే వచ్చినా దీపం వెలిగే ఉంటుంది. మనం వెళ్లి చూసినప్పుడు కనిపిస్తుంది, ఆరుతుంది. ఇదివరకు మనల్ని ముంచిన ఆ ఒక్క దీపమే ఇప్పుడు సరిపోతుంది, ఎందుకంటే ఒక మాటకు జవాబు వచ్చేదాకా రెండో మాట పంపం కదా. దీపం మీద దీపం వెలిగే సందర్భమే రాదు. ‘సిగ్‌వెయిట్ ఇన్‌ఫో’ అని ఉన్నది వాడితే సిగ్నల్ పంపిందెవరో ఆ నంబరు కూడా తెలుస్తుంది. అంతవరకూ జవాబు ఎవరికి పంపాలో చేత్తో కొట్టేవాళ్లం, ఆ బాధ కూడా పోయింది.

104 వెళ్లడానికి, 104 తిరిగి రావడానికి. మొత్తం 208 సిగ్నళ్లు. ఎంటర్ కొట్టగానే ‘అమ్మ’ అని వచ్చేసింది. వంద సార్లు నడిపాం, వంద ‘అమ్మ’లు. పక్కన బరువైన ప్రోగ్రాములు పెట్టాం, కొంచెం నెమ్మదించింది గానీ చెడలేదు. మధ్యలో కంట్రోల్-జెడ్ కొట్టి నిద్రపుచ్చి లేపాం. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలైంది. ఇంకో వింత ఏమిటంటే, జవాబు కోసం ఆగి ఆగి వెళ్లే ఈ పద్ధతి, వందో వంతు సెకను చొప్పున జాగ్రత్తగా ఆగిన పాత పద్ధతి కన్నా చాలా తొందరగా ముగిసింది. ఊహించి ఆగితే అవసరం లేనప్పుడు కూడా ఆగుతాం. జవాబు విని కదిలితే ఎంత అవసరమో అంతే.

నిజం చెప్పాలంటే ఏ కంపెనీలోనూ ఎవరూ మాటలు ఇలా పంపరు. పైపులు, సాకెట్లు, మెసేజ్ క్యూలు అని దానికోసమే పుట్టినవి ఉన్నాయి. సిగ్నల్ పని తలుపు తట్టడం, ఉత్తరం మోయడం కాదు. మేం తలుపు తట్టి తట్టి ఉత్తరం చదివించాం.

ఎగ్జిబిషన్‌లో మేడం అన్నట్టే బల్ల ఇచ్చారు, మూలగా, ఫ్యాన్ తిరగని చోట. పక్క బల్ల మీద అగ్నిపర్వతం నురగలు కక్కుతుంటే మా రెండు నల్ల కిటికీల వైపు ఎవరొస్తారని దిగులుపడ్డాం. ఏడో తరగతి పిల్లలు రక్షించారు. “మా భాషలో పంపండి అన్నా” అని ఒకరు మొదలుపెట్టారు. హిందీ ‘మా’ మీద చంద్రబిందువుతో కలిపి 72 బిట్లు. బెంగాలీ ‘మా’ 48. ఇంగ్లీషు ‘మదర్’ ఆరక్షరాలు, అదీ 48. తమిళ ‘అమ్మా’లో చివర దీర్ఘం ఉంది కాబట్టి 120, అన్నిటికన్నా ఎక్కువ. మలయాళం అమ్మాయి తన మాట కొట్టి చూస్తే సరిగ్గా మా 96. లిపి వేరు, లెక్క ఒకటే. ఎవరి అమ్మ బరువెక్కువ అని పిల్లలు వాదించుకోవడం మొదలుపెట్టారు. మేం బల్ల మీద సుద్దతో పట్టిక రాయాల్సి వచ్చింది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి స్టేషన్ మాస్టర్ గారు వచ్చారు, యూనిఫాంలోనే. ఆమె ముందుగా ఆయనకు జవాబు లేని పాత ప్రోగ్రాం చూపించింది. అవతలిదాన్ని నిద్రపుచ్చి, 104 పంపి, లేపింది. స్క్రీన్ మీద ‘2’ అని వచ్చింది. తర్వాత కొత్తది నడిపింది. ఆయన కళ్లజోడు పైకి జరుపుకుని ‘అమ్మ’ అనే అక్షరాలు దగ్గరగా చూశారు.

“ఆ రోజు ఎన్ని కొట్టావమ్మా?” అని అడిగారు.

“రెండు నాన్నా.”

“నాకు ఒకటే వచ్చింది.”

“అవును,” అంది ఆమె. “ఒకటే వచ్చింది.”

ఆయన తలూపి, బల్ల మీద వేలి కణుపుతో నాలుగు దెబ్బలు కొట్టారు. ఆమె నాలుగూ తిరిగి కొట్టింది. ఈలోగా ఏడో తరగతి పిల్లాడొకడు మా కీబోర్డు మీదకు వంగి వాళ్ల కుక్కపిల్ల పేరు టైపు చేస్తున్నాడు.